నల్లమందు చరిత్ర నేర్పు పాఠము

నల్లమందు మొదట మనకు ఔషధముగనే పరిచయమైనది. శార్ఙ్గధరసంహిత దానిని ‘అహిఫేనము’ అను పేర పేర్కొన్నది. గోదావరి, విశాఖ మన్యములలో చలిజ్వరమునకు విరుగుడని తినెడివారు. పనికి పోవు తల్లులు పసిబిడ్డలను నిద్రపుచ్చుటకై ఇంచుక నాకించెడివారు. క్రమముగా ఆ మందు అలవాటైనది. ఆ అలవాటు ఖజానాకు రాబడియైనది. 1878 చట్టము క్రింద లైసెన్సు దుకాణములలో బహిరంగముగనే అమ్మిరి. మితముగా తినువారికి పెద్ద కీడు లేదని 1895లో రాయల్ కమీషను నివేదించెను.

స్వాతంత్ర్యానంతరము 1949లో, పదేండ్లలో ఈ వాడుకను మాన్పవలెనని ప్రభుత్వములు నిశ్చయించెను. దుకాణములు మూతపడినవి గాని వ్యసనము పోలేదు. 1985లో కఠినమైన మాదకద్రవ్య చట్టము వచ్చెను. దానికి 1989లో చేర్చిన 64-ఎ సెక్షను సంగతి పెక్కుమంది ఎరుగరు. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తనంత తాను ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స పూర్తిగా పొందినచో, అతనిపై విచారణ ఉండదు. అమ్మువాడు వేరు, అలవాటు పడినవాడు వేరని శాసనమే ఒప్పుకొన్నదన్నమాట.

నేడు ఆ వ్యసనము నొప్పిమాత్ర రూపమునను వచ్చుచున్నది. అట్టిదగు ట్రమడాల్‌ను 2018లో ఈ చట్టము క్రిందికి తెచ్చిరి. నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని ఒక యింట కుమారుని జేబులో అట్టి మాత్రలు కనబడినవనుకొందము. తల్లిదండ్రులకు ముందు తోచునది పరువు. నలుగురికి తెలిసినచో ఆడపిల్ల పెండ్లి ఏమగునో అని పిల్లవానిని గదిలో పెట్టి తాళము వేయుదురు. పదినాళ్లు వాంతులు, ఒళ్లునొప్పులు, నిద్రలేమి గడచినంతనే మాన్పించితిమని సంతసింతురు. అపాయమంతయు అచ్చటనే ఉన్నది. మానిన కొలది శరీరమునకు ఆ మందును తట్టుకొను శక్తి తగ్గును. మరల ఒకనాడు పాత మోతాదే మ్రింగినచో ఊపిరి ఆగవచ్చును.

శ్వాస మందగించి, పెదవులు నీలమై, కనుపాపలు సూదిమొనలవలె చిన్నవైనచో వెంటనే 108కి ఫోను చేయవలెను. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. ఏమి మ్రింగెనో వైద్యునికి దాచక చెప్పవలెను. 1961లో కనుగొనబడిన నాలోక్సోన్ నిమిషములలో ఊపిరి నిలుపగలదు. దాని బలము త్వరగా తగ్గును గనుక, లేచి కూర్చున్నంతనే ఇంటికి తీసికొని పోరాదు. ఆపై తపనను అణచుటకు బుప్రెనార్ఫిన్ వంటి మందులున్నవి. మధుమేహికి మందువలె వానిని నెలల తరబడి వాడవలసి రావచ్చును; అందు సిగ్గుపడవలసినది లేదు. నంద్యాలలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. ఇల్లు కదలకుండ సలహా కోరువారు 14446కు ఫోను చేయవచ్చును.

రాబడికై అమ్మిన కాలమును, శిక్షతోనే మాన్పజూచిన కాలమును మనము దాటి వచ్చితిమి. ఆ రెండు కాలములలోను రోగిని రోగిగా చూచినవారు తక్కువ. ఆ లోపమును దిద్దు పని ఇపుడు మన ఇండ్లలో మొదలు కావలెనని మా మనవి.