చేయి తిరిగిన సర్జన్‌కు కోచ్

చదువు, శిక్షణ ముగించి ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేస్తున్న సర్జన్ పనిని మరో సర్జన్ దగ్గరుండి గమనించి, ఇంకా మెరుగుపడే దారి చూపడాన్ని సర్జికల్ కోచింగ్ అంటారు. తెలుగునాట కోచింగ్ అనగానే ప్రవేశపరీక్షలే గుర్తుకొస్తాయి. ఈ కోచింగ్‌లో పరీక్షా లేదు, ర్యాంకూ లేదు. అప్పటికే నేర్చిన పనికి పదును పెట్టడమే ఉంటుంది.

కొత్తవాడికి శస్త్రచికిత్స నేర్పడం చాలా పాత విషయం. సుశ్రుత సంహితలో యోగ్యాసూత్రీయమనే అధ్యాయం అంతా దాని గురించే. శిష్యుడు మనిషి ఒంటిమీద కత్తి పెట్టకముందే గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయల మీద కోతలు సాధన చేయాలి. నీళ్లూ బురదా నింపిన తోలుతిత్తులను చీల్చాలి. సిరను కోయడం చచ్చిన పశువుల సిరల మీద, తామర తూళ్ల మీద అలవాటు చేసుకోవాలి. కుట్లు గుడ్డ మీద, మెత్తని తోలు మీద వేయాలి. శాస్త్రం ఎంత చదివినా ఈ సాధన చేయనివాడు శస్త్రకర్మకు పనికిరాడని ఆ గ్రంథం తేల్చి చెబుతుంది. ఇంత చక్కగా ఆలోచించిన ఆ అధ్యాయం కూడా శిష్యుడి దగ్గరే ఆగిపోయింది. గురువంతటివాడైన వైద్యుడి చేతిని ఎవరు చూడాలన్న ప్రశ్న అందులో రాలేదు.

ఆధునిక శిక్షణకు అచ్చు పోసింది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. 1889లో తెరుచుకున్న ఆ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ రెసిడెన్సీ పద్ధతి పెట్టాడు. యువ వైద్యుడు ఏళ్ల తరబడి ఆసుపత్రినే అంటిపెట్టుకుని, మెట్టుమెట్టుగా బాధ్యత పెంచుకుంటూ సర్జన్ అయ్యేవాడు. పద్ధతి గొప్పదే గాని, చివరి మెట్టు ఎక్కిన రోజు నుంచి అతని పక్కన నిలబడి చూసే పెద్దదిక్కు ఉండేది కాదు.

ఆ లోటును బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ మరోవైపు నుంచి పట్టుకున్నాడు. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఏడాది తర్వాత ఫలితం ఏమైందో దానిమీద రాయాలన్నాడు. పదోన్నతి సీనియారిటీని బట్టి కాక ఫలితాన్ని బట్టి ఇవ్వాలని పట్టుబట్టి, 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కొలువు వదులుకున్నాడు. సొంత ఆసుపత్రిలో 1911 నుంచి 1916 వరకు చూసిన 337 మంది రోగుల విషయంలో జరిగిన 123 పొరపాట్లను తానే అచ్చువేయించాడు. సాటివారు దూరం పెట్టారు. ఆ ధైర్యం ఇవాళ్టికీ అరుదే. అయితే కార్డు ఫలితం చెబుతుంది గాని, తప్పు చేతిలో ఎక్కడ ఉందో చెప్పలేదు.

1980ల చివర్లో, చిన్న కోతల గుండా ఆపరేషన్ చేసే ల్యాపరోస్కోపీ వ్యాపించడంతో రెండు మార్పులు వచ్చాయి. తలపండిన సర్జన్లు సైతం మళ్లీ ఓనమాలు దిద్దాల్సి వచ్చింది. పొట్టలోకి దించిన కెమెరా వల్ల ఆపరేషన్ మొత్తం తెరమీదికి వచ్చింది. రికార్డు చేస్తే తర్వాత తీరిగ్గా చూడవచ్చు.

కోచింగ్ అనే మాటను పదిమంది నోళ్లలో నానేలా చేసినవాడు బోస్టన్ సర్జన్ అతుల్ గవాండే. ఎనిమిదేళ్ల అనుభవం తర్వాత తన ఫలితాలు మెరుగుపడడం ఆగిపోయిందని అతనికి తోచింది. క్రీడాకారులకు, గాయకులకు చివరిదాకా కోచ్‌లు ఉన్నప్పుడు సర్జన్‌కు ఎందుకు ఉండకూడదని ఆలోచించి, తనకు పూర్వం శిక్షణ ఇచ్చి రిటైరైన రాబర్ట్ ఆస్టీన్‌ను ఆపరేషన్ థియేటర్‌కు పిలిచాడు. ఆస్టీన్ ఒక పక్కన నిలబడి థైరాయిడ్ ఆపరేషన్ చూస్తూ కాగితం మీద రాసుకున్నాడు. గవాండే దృష్టిలో ఆ ఆపరేషన్ సాఫీగా సాగింది. ఆస్టీన్ కాగితం మాత్రం నిండిపోయింది. కుడి మోచేయి మాటిమాటికీ భుజం ఎత్తుకు లేస్తోంది. చేయి గాల్లో ఉంటే పని సున్నితంగా సాగదు. మోచేయి లేపాలనిపించిందంటే నిలుచున్న చోటైనా మార్చాలి, పరికరమైనా మార్చాలి. రోగిపై గుడ్డలు కప్పిన తీరు సర్జన్‌కు అనుకూలమే గాని ఎదుటి సహాయకుడికి చేయి ఆడనివ్వడం లేదు. పైనున్న లైటు గాయం మీంచి పక్కకు జరిగిపోయి దాదాపు అరగంట అయినా సర్జన్ గమనించలేదు. ఇవన్నీ చిన్న విషయాలే. కానీ తన చేతిని తాను చూసుకోలేని మనిషికి వీటిని మరొకరే చెప్పాలి. 2011లో గవాండే రాసిన ఈ అనుభవం న్యూయార్కర్ పత్రికలో వచ్చింది.

చేతి నైపుణ్యానికీ రోగి క్షేమానికీ ఉన్న ముడిని 2013లో మిషిగన్ రాష్ట్ర అధ్యయనం అంకెల్లో చూపింది. ఊబకాయానికి జీర్ణాశయ బైపాస్ ఆపరేషన్ చేసే 20 మంది సర్జన్లు తమ వీడియోలు పంపారు. ఎవరివో తెలియకుండా సాటి సర్జన్లు వాటికి మార్కులు వేశారు. మార్కుల్లో అడుగు వరుసలోని వారి రోగుల్లో 14.5 శాతం మందికి ఇబ్బందులు వస్తే, పై వరుసలోని వారి రోగుల్లో 5.2 శాతం మందికే వచ్చాయి. అందరూ శిక్షణ పూర్తిచేసినవారే కావడం గమనించదగ్గది.

ఆ తర్వాత విస్కాన్సిన్‌లో క్యాప్రిస్ గ్రీన్‌బర్గ్ బృందం కోచింగ్‌కు ఒక క్రమం ఏర్పరచింది. ముందు కోచ్‌లుగా ఉండబోయే సర్జన్లకే ప్రశ్నించడంలో, వినడంలో తర్ఫీదు ఇస్తారు. ఏ విషయంలో మెరుగుపడాలో సర్జన్ తానే ఎంచుకుంటాడు. ఇద్దరూ వీడియో చూస్తూ, ఆపుతూ మాట్లాడుకుంటారు. ఈ పద్ధతి మిషిగన్ సర్జన్లకూ చేరింది. అక్కడ ఆపరేషన్‌కు పట్టే సమయం తగ్గింది. రోగుల ఇబ్బందుల్లో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు.