‘ఫెయిత్‌ఫుల్ ఆలై’: మైత్రికీ విధేయతకూ నడుమ ఒక ఆంగ్ల విశేషణం

2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటినుండి శంషాబాద్ పేరు దేశదేశాల ప్రయాణికులకు పరిచితమైంది. ఆ పేరు పైగా వంశీయుల ‘శమ్సుల్ ఉమ్రా’ బిరుదునుండి వచ్చిందని ప్రసిద్ధి. ఉమ్రాలలో సూర్యుడని దాని అర్థం. నిజాం సొంత దళాలను పోషించే బాధ్యతకు ప్రతిఫలంగా పైగాలు జాగీర్లు అనుభవించారు. ఎవరు ఎవరికి కట్టుబడినవారో అక్కడ సందిగ్ధం లేదు.

నిజామే బిరుదు స్వీకర్త అయినప్పుడు ఆ స్పష్టత లోపించింది. 1918 జనవరిలో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ ప్రభుత్వపు ‘ఫెయిత్‌ఫుల్ ఆలై’ అన్న బిరుదు లభించింది. పారశీకంలో అది ‘యార్-ఎ-వఫాదార్’. ‘ఆలై’, ‘యార్’ రెండూ సమానుని సూచించేవే. చిక్కంతా విశేషణంలో ఉంది. ఆంగ్లంలో మిత్రుడూ, సేవకుడూ, పెంపుడు కుక్కా కూడ ‘ఫెయిత్‌ఫుల్’ కావచ్చు. తెలుగు ఇంత ఉదారం కాదు. ‘విశ్వాసపాత్రుడు’ అంటే ఇతరులు నమ్మదగినవాడు. ‘విశ్వాసం గలవాడు’ అంటే తిన్న ఉప్పును మరవనివాడు. 1918 నాటి బిరుదును తెనిగించేవారు ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకోక తప్పదు. ఆంగ్ల పాలకులకు ఆ అగత్యం లేకపోయింది.

విశ్వాసానికి నిదర్శనం మాత్రం నిజాం ఘనంగానే చూపాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలు ఆయన కానుకే. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు అందువల్లనే స్థిరపడింది.

బిరుదులోని ‘మిత్రుడు’ ఎంత బరువు మోయగలడో బేరార్ వివాదం తేల్చింది. 1853లో కంపెనీ పాలనకు అప్పగింపబడి, 1902లో ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా మారిన ఆ ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని నిజాం 1923లో కోరాడు. ఒప్పందాలు చేసుకొన్న రెండు ప్రభుత్వాలు సమస్థాయిలో చర్చించుకోవచ్చునన్నది ఆయన వాదసారం. 1926 మార్చి 27 నాటి లేఖలో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ దానిని తిరస్కరించాడు: బ్రిటిష్ సార్వభౌమత్వం సర్వోన్నతం, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానంగా సంప్రదింపులు జరపజాలడు.

బిరుదును మాత్రం ఎవరూ వెనక్కు తీసుకోలేదు. 1936 ఒప్పందంలో బేరార్‌పై నిజాం సార్వభౌమత్వం కాగితంపై అంగీకరింపబడింది, యువరాజు ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’ అయ్యాడు. పరిపాలన మాత్రం మధ్యపరగణాల ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది.