రోమక గణరాజ్యమున ట్రిబ్యూను పదవి

క్రీ.పూ. 509 ప్రాంతమున రోమకులు తమ రాజును వెడలగొట్టినపుడు రాజాధికారమును రూపుమాపలేదు; దానిని ఏడాది గడువుతో ఇరువురు కాన్సలులకు అప్పగించి, ఒకరు తలపెట్టిన కార్యమును రెండవవారు అడ్డగింపగల కట్టుబాటు గావించిరి. అయినను ఆ పదవులును, వాటికి ఆలోచన చెప్పు సెనేటు సభయును పట్రిషియను కులీనుల చేతులలోనే ఉండుటచే, అప్పు తీర్చలేక ఋణదాతకు దాసుడగు ప్లెబియనునకు, అనగా సామాన్యునకు, ఈ మార్పువలన ఒరిగినది స్వల్పము.

క్రీ.పూ. 494లో ఆ సామాన్యులు నగరమును విడిచి సమీపమందలి పవిత్రగిరికి తరలిపోయిరని రోమక చరిత్రకారులు వ్రాసిరి. యుద్ధములకు బంట్లు వారే గనుక కులీనులు దిగిరాక తప్పినది కాదు. అట్లు పుట్టినదే ట్రిబ్యూను పదవి. ఇతనికి సైన్యము లేదు, కాన్సలునకు ముందు నడచు దండధరులును లేరు. ఇతనిపై చేయిచేసుకొన్నవానిని చంపుదుమని ప్రజలు పట్టిన ప్రమాణమే ఇతనికి కవచము. ఆపన్నుడు ఏ వేళ వచ్చినను శరణు దొరకునట్లు ఇతని యింటి తలుపులు రేయింబవళ్లు తెరచియుండవలెను. నగరము వెలుపల రాత్రి గడపరాదు. కాన్సలు ఆజ్ఞనైనను, సెనేటు తీర్మానమునైనను ఒక్క నిషేధవాక్యముతో నిలిపివేయగల ఈ నిరాయుధుని పదవికంటె ఉదాత్తమైనది రోమక రాజ్యాంగమున నాకు మరియొకటి కానరాదు.

క్రీ.పూ. 367లో కాన్సలు పదవి ప్లెబియనులకు లభించెను. 287లో వారి సభ చేసిన శాసనములు రోమకులందరికిని శిరోధార్యములయ్యెను. కాని ధనికులైన ప్లెబియనులు ప్రాచీన కులీనులతో కలిసి నూతన ప్రభువర్గముగా ఏర్పడిరి. పదుగురు ట్రిబ్యూనులలో ఏ ఒక్కడు కాదన్నను కార్యము నిలిచిపోవును గనుక, ఆ ఒక్కనిని తమవైపు త్రిప్పుకొనుట సెనేటునకు కష్టము కాలేదు.

క్రీ.పూ. 133లో ట్రిబ్యూనైన టిబీరియస్ గ్రాకస్, ధనికుల అధీనమందున్న ప్రభుత్వ భూములలో పరిమితికి మించినదానిని పేదలకు పంచు శాసనమును ప్రతిపాదింపగా, తోడి ట్రిబ్యూను ఆక్టేవియస్ నిషేధించెను. అతనిని పదవినుండి తొలగింపుమని టిబీరియస్ ప్రజలనే కోరెను. 35 తెగలలో 17 అనుకూలముగా ఓటు వేసినవి, ఇంకొక్కటి చాలును. టిబీరియస్ అంతటితో ఓటింగు నిలిపి, ఆక్టేవియసును కౌగిలించుకొని, పట్టు విడువుమని వేడుకొనెను. ఆక్టేవియస్ కన్నులు చెమ్మగిల్లినవట. కాని చెంత నిలిచిన భూస్వాములను చూచి అతడు మనసు మార్చుకొనలేదు. పదునెనిమిదవ తెగ ఓటు పడెను. ఇరువురును తమ హక్కును తుదిదాక వినియోగించిరి. అట్టి పట్టుదలకు ఆ రాజ్యాంగమున మందు లేదు. ఆ యేడే సెనేటరులు టిబీరియసును, అతని అనుచరులలో 300 మందికి పైగా జనులను కొట్టి చంపి, శవములను టైబరు నదిలో పడవేయించిరి. పూర్వుల ప్రమాణము ఆనాడు భగ్నమైనది.

తరువాత నియంతయైన సుల్లా ట్రిబ్యూను పదవిని నిర్వీర్యము గావించెను, క్రీ.పూ. 70లో కాన్సలులైన పాంపే, క్రాసస్ దానికి పూర్వాధికారములను మరల నొసగిరి. క్రీ.పూ. 23లో తొలి చక్రవర్తియైన అగస్టస్, ట్రిబ్యూను కాకయే ట్రిబ్యూను అధికారమును యావజ్జీవము స్వీకరించి, తన పాలనా వత్సరములను దానితోడనే లెక్కింప మొదలిడెను.