దీవి మీద డాక్టరు చదువు: కరీబియన్ వైద్య కళాశాలల యాభై ఏళ్ళు

కరీబియన్ దీవుల్లో బయటి దేశాల విద్యార్థుల కోసమే నడిచే వైద్య కళాశాలల చరిత్ర 1976లో గ్రెనడాలో మొదలైంది. అంతకు ముందు ఆ ప్రాంతంలో వైద్య విద్య లేదని కాదు. 1948లో జమైకాలోని మోనాలో యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ ది వెస్టిండీస్ తలుపులు తెరిచినప్పుడు చేరిన తొలి 33 మందీ వైద్య విద్యార్థులే. అయితే అది దీవుల పిల్లల కోసం, దీవుల ఆసుపత్రుల కోసం పెట్టిన కాలేజీ. గ్రెనడాలో పుట్టినదాని సంగతి వేరు. అక్కడ చదివేవాళ్ళు అమెరికా నుంచి వస్తారు, చదువయ్యాక అమెరికాకే పోతారు. దీవి ఇచ్చేది స్థలం, చార్టరు, రెండేళ్ళ బస.

1970ల మధ్యలో అమెరికాలో మెడిసిన్ సీటు కోసం ఏటా 40 వేలకు పైగా దరఖాస్తులు వస్తే ఉన్న సీట్లు 15 వేల చిల్లర. సీటు రానివాళ్ళలో స్తోమత ఉన్నవాళ్ళు మెక్సికోలోని గ్వాదలహారాకో, ఇటలీలోని బొలోన్యాకో పోయి, ముందు అక్కడి భాష నేర్చుకుని ఆ తర్వాత అనాటమీ పుస్తకం పట్టేవారు. తెలుగు పాఠకులకు ఈ పరిస్థితి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ దశాబ్దాల్లోనే ఆంధ్ర కుటుంబాలు డొనేషన్ కట్టి పిల్లల్ని కర్ణాటకలోని ప్రైవేటు కాలేజీలకు పంపేవి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లో చట్టం చేసింది. ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల వ్యవహారం కోర్టుకెక్కి, 1992లో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవాల్సి వచ్చింది. అమెరికా తల్లిదండ్రులకు కర్ణాటక లాంటి పొరుగు రాష్ట్రం లేదు. ఇంగ్లిషు మాట్లాడే దీవులు మాత్రం దగ్గర్లోనే ఉన్నాయి.

గ్రెనడా పార్లమెంటు చట్టంతో 1976లో ఏర్పడిన సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ 1977 జనవరిలో పాఠాలు మొదలుపెట్టింది. స్థాపకుల్లో ముఖ్యుడు చార్ల్స్ మోడికా వైద్యుడు కాదు, న్యాయశాస్త్రం చదివినవాడు. అప్పటి ప్రధాని ఎరిక్ గైరీకి దేశంలోకి డాలర్లు రావాలి. ఇద్దరి అవసరాలూ కుదిరాయి. రెండేళ్ళలోనే, 1978లో, రాబర్ట్ రాస్ పెట్టిన కళాశాల డొమినికాకు, పాల్ టియెన్ పెట్టిన అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ది కరీబియన్ మాంట్సెరాట్‌కు వచ్చాయి. తర్వాత సెయింట్ లూసియా, సెయింట్ కిట్స్, నెవిస్, సెయింట్ విన్సెంట్ వంతు. 1990ల తొలినాళ్ళకు పదమూడు చదరపు కిలోమీటర్ల సాబా దీవిలో కూడా ఒకటి వెలిసింది. ఆ దీవి జనాభా రెండు వేలు, విమానాశ్రయం రన్‌వే నాలుగు వందల మీటర్లు. పైలట్లకు ప్రత్యేక శిక్షణ లేనిదే అక్కడ దిగనివ్వరు.

అన్నిచోట్లా పద్ధతి ఒకటే. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ లాంటి మూల శాస్త్రాలు రెండేళ్ళు దీవిలో. ఆపైన అమెరికా లైసెన్సు పరీక్ష మొదటి మెట్టు. అది దాటాక మిగిలిన రెండేళ్ళు అమెరికా ఆసుపత్రుల్లో. లక్ష చిల్లర జనాభా ఉన్న దేశంలో వందలాది విద్యార్థులకు చూపించడానికి రోగులు ఎక్కడ దొరుకుతారు? అందుకే దీవి ప్రయోగశాలకూ తరగతి గదికీ పరిమితమైంది. ఈ ఏర్పాటులోనే ఒక చిక్కుంది. రెండేళ్ళలో వెళ్ళిపోయేవాడు ఆ నేలను ఇల్లుగా చేసుకోడు, మజిలీగానే చూస్తాడు. దీవి మాత్రం అతని చుట్టూ తన బతుకును మార్చుకుంటుంది. యాభై ఏళ్ళ చరిత్రలో ఎక్కువగా సర్దుకున్నది దీవులే.

ఆ విద్యార్థులు ప్రపంచం కళ్ళలో పడింది 1983 అక్టోబరులో. గైరీని 1979లో కూలదోసి అధికారంలోకి వచ్చిన మారిస్ బిషప్‌ను సొంత పార్టీవాళ్ళే నిర్బంధించి, అక్టోబరు 19న కోటలో కాల్చి చంపారు. ఊరంతా కర్ఫ్యూ. సెయింట్ జార్జెస్ కళాశాల ట్రూ బ్లూ క్యాంపస్ ఉన్నది క్యూబా కార్మికులు కడుతున్న పాయింట్ సెలీన్స్ రన్‌వే కొసన. 25 తెల్లవారుజామున అమెరికా రేంజర్లు ఆ రన్‌వే మీదే పారాషూట్లతో దిగారు. కాల్పులు జరుగుతుంటే విద్యార్థులు పరుపులు గోడకు ఆనించి మంచాల కింద పడుకున్నారు. వాళ్ళను కాపాడడమే దాడికి ముఖ్య కారణమని అధ్యక్షుడు రీగన్ ప్రకటించారు. సైన్యం ట్రూ బ్లూ చేరాక గానీ గ్రాండ్ ఆన్స్ బీచ్ పక్కన రెండో క్యాంపస్ ఉందని, అక్కడ మరో రెండు వందల మందికి పైగా ఉన్నారని తెలియలేదు! మర్నాడు సాయంత్రం హెలికాప్టర్లు ఇసుక మీద దిగి వాళ్ళను ఎక్కించుకున్నాయి. ఒకదాని రెక్క చెట్టుకు తగిలి అది నీళ్ళ అంచున మిగిలిపోయింది. దక్షిణ కరోలినాలో విమానం దిగిన ఒక విద్యార్థి నేలను ముద్దు పెట్టుకున్న ఫొటో పత్రికలన్నిటిలో వచ్చింది. విద్యార్థులకు నిజంగా ప్రమాదం ఉందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కళాశాల కొన్ని నెలలు బయట తలదాచుకుని 1984లో తిరిగి వచ్చింది. గ్రెనడా ఏటా అక్టోబరు 25ను థాంక్స్ గివింగ్ డేగా పాటిస్తుంది. 2009లో విమానాశ్రయానికి మారిస్ బిషప్ పేరే పెట్టింది. రెండూ ఒకే దేశం చేసిన పనులు.

రాజకీయం ఒకసారే వెళ్ళగొట్టింది, ప్రకృతి చాలాసార్లు. మాంట్సెరాట్‌లో సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం 1995 జులై 18న మేలుకుంది. రాజధాని ప్లిమత్‌ను ఖాళీ చేయించారు, క్రమంగా అది బూడిద కింద కూరుకుపోయింది, 1997 జూన్‌లో 19 మంది చనిపోయారు. దీవి జనంలో మూడింట రెండు వంతులు వెళ్ళిపోయారు. అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ది కరీబియన్ సెయింట్ మార్టెన్‌కు తరలింది. అక్కడ 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను కొట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పాఠాలు ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో జరిగాయి. గ్రెనడాలో 2004 సెప్టెంబరు 7న వచ్చిన ఐవాన్ పదింట తొమ్మిది ఇళ్ళను దెబ్బతీసింది, జాజికాయ తోటలను నేలమట్టం చేసింది. జాజి చెట్టు కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. కళాశాల అంతకంటే చాలా ముందే తిరిగి తెరుచుకుంది. దివిసీమ ఉప్పెన, హుద్‌హుద్ చూసిన తీరం నుంచి వెళ్ళిన విద్యార్థికి గాలివాన కొత్త కాదు. కాకపోతే కోస్తాలో పారిపోవడానికి వెనక ఊళ్ళుంటాయి, దీవిలో ఉండవు. అందుకే జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా సాగే తుఫానుల కాలానికి నీళ్ళ డబ్బాలు, టార్చి, పాస్‌పోర్టు ఉన్న సంచీ సిద్ధం చేసుకోమని ప్రతి కళాశాలా మొదటి వారంలోనే చెబుతుంది.

డొమినికా ఉదంతం వేరుగా చెప్పుకోవాలి. పోర్ట్స్‌మత్ పక్కన పికార్డ్ అనే చోట నలభై ఏళ్ళు నడిచిన రాస్ కళాశాల చుట్టూ ఒక ఊరే లేచింది. గదులు అద్దెకివ్వడానికి మేడలు, టాక్సీలు, లాండ్రీలు, గేటు బయట 'ద షాక్స్' అని పిలిచే రేకుల కొట్ల వరస. జ్యూసు, వేయించిన చేప, రోటీ అక్కడే. పరీక్షల రోజుల్లో ఆ కొట్లు కూడా విద్యార్థుల గంటలకే తెరుచుకునేవి. 2017 సెప్టెంబరు 18 రాత్రి ఐదో స్థాయి తుఫాను మరియా డొమినికాను దాటింది. వెయ్యి మందికి పైగా విద్యార్థులను పడవల మీద సెయింట్ లూసియాకు చేర్చారు. తర్వాత సెమిస్టరు సెయింట్ కిట్స్ రేవులో లంగరు వేసిన ఒక ఇటాలియన్ ఫెర్రీ ఓడలో నడిచింది, ఆపైన టెనెసీలోని నాక్స్‌విల్‌లో. చివరికి 2018 ఆగస్టులో ఇక తిరిగి రామని ప్రకటించి, 2019 జనవరి నుంచి బార్బడోస్‌లో తరగతులు పెట్టారు. బ్యాంకు అప్పుతో కట్టిన మేడలు పికార్డ్‌లో ఖాళీగా మిగిలాయి. కళాశాలకు దారి ఉంది, ఇంటివాళ్ళకు లేదు.

ఈ దీవులకు తెలుగువాళ్ళ రాక వైద్య విద్యార్థులతో మొదలు కాలేదు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను భారతదేశం నుంచి తెచ్చారు. గ్రెనడాకు తొలి ఓడ మెయిడ్‌స్టన్ 1857 మే 1న కలకత్తా నుంచి వచ్చింది. సెయింట్ విన్సెంట్‌కు తొలి ఓడ ట్రావంకూర్ 1861 జూన్ 1న మద్రాసు నుంచే వచ్చింది. ఫ్రెంచి దీవులైన మార్తినిక్, గ్వాడలూప్‌లకు 1853, 1854లలో పుదుచ్చేరి వైపు నుంచి మనుషులను తీసుకుపోయారు. మద్రాసు రేవులో ఓడెక్కిన వాళ్ళలో తెలుగు జిల్లాల వాళ్ళూ ఉన్నారు. భాష రెండు మూడు తరాల్లో పోయింది. గయానాలో మద్రాసీ సంతతి జరిపే కాళీమాయి పూజ, పలక డప్పు మోత, రోటీ, కూర మిగిలాయి.

రెండో రాక అమెరికా మీదుగా. 1965 వలస చట్టం తర్వాత అమెరికాలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్ల ఇళ్ళలో పుట్టిన పిల్లలు అక్కడ సీటు దొరకనప్పుడు గ్రెనడాకో, డొమినికాకో వెళ్ళడం మామూలైంది. భారతదేశం నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు తక్కువ. దూరం, ఖర్చు రెండూ ఎక్కువ కనక తెలుగు రాష్ట్రాల నుంచి రష్యా, చైనా, ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ వైపే ఎక్కువ మంది పోయారు. కరీబియన్‌కు పోయినవాళ్ళలో చాలామంది గయానా, బార్బడోస్ దారి పట్టారు. భారత పాస్‌పోర్టుకు చాలా దీవుల్లో వీసా అక్కర్లేదు. చిత్రమేమంటే, దారిలో విమానం మారే అమెరికా విమానాశ్రయానికి మాత్రం ట్రాన్సిట్ వీసా ఉండాలి.

దిగిన కొత్తలో కొన్ని సంగతులు తేలికనిపిస్తాయి. బ్రిటిష్ పాలన గుర్తుగా చాలా దీవుల్లో వాహనాలు ఎడమ పక్కనే పోతాయి, క్రికెట్ అందరికీ తెలుసు. గ్రెనడాలో మినీ బస్సు ఆపాలంటే లోపలి రేకు మీద వేళ్ళతో కొడితే చాలు. పట్టింపులు వేరే చోట ఉన్నాయి. బస్సెక్కినా, కొట్లోకి అడుగుపెట్టినా ముందు పలకరించాలి. పలకరించకుండా సరుకు అడిగినవాణ్ణి పొగరుబోతు కింద జమకడతారు. సైనికుల రంగుల దుస్తులు వేసుకోవడం గ్రెనడా, బార్బడోస్, సెయింట్ లూసియాల్లో నేరం. ఇక రంగు పట్టింపు మనవాళ్ళు సామానుతో పాటు మోసుకుపోయేది. దీవుల జనంలో ఎక్కువ మంది ఆఫ్రికా సంతతి. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ పేట నిజాం ఆఫ్రికన్ సైనికులదని, సూరత్ పక్కన సచిన్ సంస్థానాన్ని 1791 నుంచి 1948 దాకా ఏలిన సిద్దీ నవాబుల పూర్వికులు ఆఫ్రికావాళ్ళని తెలిసినవాళ్ళు ఆ ముఖాలను చూసి తడబడనక్కర్లేదు.

వంటింట్లో అయితే తెలిసినవే ఎక్కువ. కలలూ అనే పులుసు చేమాకుతో చేస్తారు, డషీన్ అనేది చేమదుంప, పచ్చి కందులు సంతలో దొరుకుతాయి. గ్రెనడా జాతీయ వంటకం ఆయిల్ డౌన్‌లో సీమపనస, కొబ్బరిపాలు, పసుపు పడతాయి. అందులో ఉప్పు మాంసం కూడా ఉంటుంది కనక శాకాహారులు అడిగి తినాలి. క్రిస్మస్ రోజుల్లో ఇంటింటా కాచే ఎర్రటి సారెల్ పానీయం గోంగూర జాతి మొక్క కాయల పైనుండే ఎర్ర రెక్కలతో చేసేదే. అక్కడివాళ్ళకు రెక్కలతోనే పని, ఆకును పట్టించుకోరు. గోంగూర కోసం మొహం వాచిన తెలుగింటికి అంతకంటే ఏం కావాలి! మిక్సీ సంగతి వేరు. గ్రెనడా, డొమినికాల్లో కరెంటు మన లాగే 230 వోల్టులు, బ్రిటిష్ తరహా ప్లగ్గు పెట్టుకుంటే సరిపోతుంది. బార్బడోస్‌లో 115 వోల్టులు; ఇండియా గ్రైండరు అక్కడ తిరగదు. రాస్ కళాశాల మారినప్పుడు విద్యార్థుల వంట సామాను కూడా మారాల్సి వచ్చింది. దీవిలో రాత్రి తొమ్మిదిన్నర అయితే హైదరాబాదులో మర్నాడు ఉదయం ఏడు. ఇంటికి ఫోను చదువు ముగిసే వేళకే కుదురుతుంది.

పాఠంలో చదివిన జబ్బు వీధిలో ఎదురైన సందర్భాలూ ఉన్నాయి. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసిన చికున్‌గున్యా, అమెరికా ఖండాల్లో స్థానికంగా సోకడం తొలిసారి బయటపడింది 2013 డిసెంబరులో, సెయింట్ మార్టెన్ ఉన్న దీవికే ఫ్రెంచి భాగమైన సెయింట్ మార్టిన్‌లో. మరుసటి ఏడాది అది దీవులన్నిటికీ పాకింది.

కళాశాలలు పెరిగేకొద్దీ వాటి నాణ్యత మీద అనుమానాలూ పెరిగాయి. కరీబియన్ దేశాలు కలిసి 2004 ప్రాంతంలో సొంత గుర్తింపు సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. భారతదేశం 2002 నుంచి విదేశీ పట్టాదారులకు స్క్రీనింగ్ పరీక్ష పెట్టింది, 2018 నుంచి బయట చదవడానికీ నీట్ తప్పనిసరి చేసింది. అన్నిటికంటే గట్టి దెబ్బ నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరు 18న ఇచ్చిన నిబంధనలు. వాటి ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి, బోధన ఇంగ్లిషులో సాగాలి, ఆ పట్టా ఆ దేశంలోనే ప్రాక్టీసుకు అర్హత ఇవ్వాలి. రెండేళ్ళు దీవిలో, మిగిలినది మరో దేశంలో అన్న పాత లెక్క ఇందులో ఇమడదు. ఆ తేదీ తర్వాత చేరి, భారతదేశంలో ప్రాక్టీసు చేయదలచిన ప్రతి విద్యార్థికీ ఈ నిబంధనలే వర్తిస్తాయి.