తిరువూరు ప్రాంతపు వంశ చరిత్ర, గ్రామ చరిత్ర ఆధారాలు

తిరువూరు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణము. ఈ పట్టణానికి, పరిసర గ్రామాలకు చెందిన కుటుంబాల పూర్వ చరిత్రను తెలుసుకొనుటకు భూమి రికార్డులు, ఇనాము రిజిస్టర్లు, కైఫియత్తులు, శాసనాలు, చర్చి రిజిస్టర్లు, మౌఖిక వంశావళులు ముఖ్యమైన ఆధారాలు.

ఇంగ్లండులో 1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞపై ప్రతి చర్చి పరిధిలోను బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు నమోదు చేయడం మొదలైంది. అందువలన అక్కడి సామాన్య కుటుంబాలు కూడా తమ పూర్వీకులను అనేక తరాల వెనుకకు గుర్తించగలుగుతున్నాయి. తెలుగుదేశంలో అటువంటి సార్వత్రిక నమోదు లేదు. ఇక్కడ పాత రికార్డులు మనుషుల కోసం కాక భూమి శిస్తు కోసం వ్రాయబడినవి. కాబట్టి భూమి ఉన్న కుటుంబానికి ఆధారాలు ఎక్కువగాను, భూమి లేని కుటుంబానికి తక్కువగాను లభిస్తాయి.

పరిపాలనా నేపథ్యం

ఒక గ్రామపు రికార్డు ఎక్కడ ఉంటుందో తెలియాలంటే ఆ గ్రామం ఏ కాలంలో ఎవరి పాలనలో ఉండేదో తెలియాలి. మద్రాసు ప్రభుత్వం 1802లో శాశ్వత శిస్తు విధానాన్ని ప్రవేశపెట్టింది. తిరువూరు బ్రిటిషు కాలంలో జమీందారీ తాలూకాగా ఉండేది. 1859లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినపుడు తిరువూరు రెవెన్యూ డివిజన్ కేంద్రమైనది. పొరుగున ఉన్న నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది. అందువలన ఒకే కుటుంబానికి సంబంధించిన కాగితాలు రెండు మూడు జిల్లాలలో ఉండవచ్చును. కంపెనీ కాలపు రికార్డులలో కొన్ని చెన్నై ఎగ్మూరులోని పురాభిలేఖాగారంలో ఉన్నవి.

కైఫియత్తులు

కాలిన్ మెకంజీ (1754–1821) ఆధ్వర్యంలో సేకరించబడిన గ్రామ వృత్తాంతాలను కైఫియత్తులు అంటారు. ఈ సేకరణలో ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ప్రధాన పాత్ర వహించారు. గ్రామం ఎట్లు ఏర్పడినది, చెరువు ఎవరు త్రవ్వించారు, గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, కరణికం మిరాశీ ఏ కుటుంబానిది మొదలగు విషయాలు వీటిలో ఉంటాయి. తరువాత సి.పి.బ్రౌన్ వీటిలో అనేకం నకళ్ళు వ్రాయించాడు. కరణాల వద్దనున్న దండకవిలెలు, కరణాల వాఙ్మూలాలు వీటికి ముఖ్యాధారాలు. కాబట్టి హక్కులు ఉన్నవారి కథనమే వీటిలో ప్రముఖంగా వినిపిస్తుంది.

భూమి రికార్డులు

* ఇనాం ఫెయిర్ రిజిస్టరు: 1858లో నియమింపబడిన ఇనాం కమీషను ప్రతి మాన్యాన్నీ విచారించింది. మాన్యం ఎవరికి, ఎందుకు ఇవ్వబడినది, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉన్నది అనే వివరాలు ఇందులో ఉంటాయి. అర్చకులు, కరణాలు, గ్రామ సేవకుల కుటుంబాలకు ఇది విలువైన ఆధారము. శాశ్వత శిస్తుకు పూర్వపు ఇనాములు జమీందారీ గ్రామాలలో కూడా విచారింపబడినవి.
* పట్టా, ముచ్చిలికా: జమీందారు రైతుకు పట్టా ఇచ్చేవాడు, రైతు జమీందారుకు ముచ్చిలికా వ్రాసి ఇచ్చేవాడు. 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ఈ సంబంధాన్ని క్రమబద్ధం చేసింది. కొన్ని ఇండ్లలో ఈ కాగితాలు దస్తావేజుల పెట్టెలలో ఇప్పటికీ దొరుకుతాయి.
* సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్: 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జమీందారీ గ్రామాలను సర్వే చేసి దీనిని తయారు చేశారు. రైత్వారీ గ్రామాలకు పాత డైగ్లాట్ రిజిస్టర్లు ఎట్టివో ఈ ప్రాంతపు గ్రామాలకు ఇది అట్టిది. ఒక్కొక్క సర్వే నంబరుకు భూమి వివరం, పట్టాదారు పేరు తెలుస్తాయి.
* రిజిస్టరు దస్తావేజులు: విక్రయ, తనఖా, దాన, భాగపంపిణీ పత్రాలలో తండ్రి పేరు, నివాస గ్రామం వ్రాయడం వాడుక. భాగపంపిణీ పత్రం ఒక్కటి దొరికినా ఆ తరపు అన్నదమ్ములందరి పేర్లు తెలుస్తాయి. ఆడపిల్లకు పసుపు కుంకుమ క్రింద ఇచ్చిన భూమి పత్రం పుట్టింటినీ మెట్టినింటినీ కలిపి చూపుతుంది. ఇతర భూమి రికార్డులలో స్త్రీల పేర్లు అరుదు.

1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. తరతరాలుగా కరణాల ఇండ్లలో ఉంటూ వచ్చిన ప్రైవేటు కవిలెలలో కొన్ని ఆ కుటుంబాల వద్దనే మిగిలిపోయాయి, కొన్ని చెదలపాలైనాయి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో సర్వే నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ నంబర్లు వస్తున్నాయి. పాత నంబరు తెలియకపోతే పాత అడంగలు చదవడం కష్టము. కనుక కుటుంబాలు పాత నంబర్లను వ్రాసి పెట్టుకొనుట అవసరము.

సరిహద్దుకు ఆవల

తిరువూరుకు ఉత్తరాన ఉన్న గ్రామాలు 1948 వరకు నిజాం రాజ్యంలోనివి. సరిహద్దుకు ఇరువైపులా వియ్యాలు, వలసలు సామాన్యం. 1947–48లో రజాకార్ల దాడులకు భయపడి అనేక కుటుంబాలు కృష్ణా జిల్లాకు వచ్చాయి. అటువంటి కుటుంబాలకు 1954–55 నాటి ఖాస్రా పహాణీ మొదటి మెట్టు వంటిది. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడినది కనుక అంతకు ముందటి రికార్డులను వరంగల్లు జిల్లా పేరిట వెదకాలి. నిజాం కాలపు రికార్డులు హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాగారంలో ఉన్నవి.

ఇంటిపేరు, పిలుపు పేరు

తెలుగువారి ఇంటిపేర్లలో చాలా వరకు గ్రామ నామాల నుండి వచ్చినవే. వేటూరు నుండి వేటూరి, కొండవీడు నుండి కొండవీటి ఇట్టివి. సాధారణంగా ఒక ఊరు విడిచి వేరొక ఊరిలో స్థిరపడిన వారిని పాత ఊరి పేరుతో పిలవడం వలన ఇవి ఏర్పడినవి. కాబట్టి ఇంటిపేరు కుటుంబం ఉన్న చోటును కాక వచ్చిన చోటును సూచిస్తుంది. అయితే ఒకే పేరుగల గ్రామాలు అనేకం ఉండుట వలన, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాలలో ఉండుట వలన, ఇంటిపేరు ఒక్కటే బంధుత్వానికి రుజువు కాదు.

తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వలన రికార్డులలో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. తండ్రి పేరును కూడా సరిచూడకపోతే ఇద్దరు వ్యక్తులు ఒక్కరుగా పొరబడే అవకాశం ఉన్నది.

మౌఖిక వంశావళులు

తద్దినం పెట్టే కుటుంబాలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, గోత్రం చెప్పవలసి ఉండుట వలన మూడు తరాల పేర్లు గుర్తుంటాయి. కాశీ, గయ క్షేత్రాలలోని పండాల పుస్తకాలలో యాత్రకు వెళ్ళిన వారి పేర్లు, ఊర్లు కనిపిస్తాయి.

వంశాలను గానం చేయుట వృత్తిగా గల కులాలు తెలుగునాట అనేకం ఉన్నవి. పిచ్చిగుంట్లవారు (వంశరాజులు) వ్యవసాయ కులాల గోత్రాలను, ఇంటిపేర్లను చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు, డక్కలివారు మాదిగలకు ఆశ్రిత కథకులు. వ్రాతలో చోటు దొరకని వారి చరిత్రకు ఈ సంప్రదాయం ముఖ్యమైనది. ఈ వృత్తులు క్షీణించుటతో ఒక్కొక్క కథకుని మరణంతో కొంత సమాచారం శాశ్వతంగా పోతున్నది.

చర్చి రిజిస్టర్లు

చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో తెలుగు మిషనును ప్రారంభించింది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దీని తొలి మిషనరీలు. తరువాతి దశాబ్దాలలో కృష్ణా జిల్లా గ్రామాలలోని దళిత కుటుంబాలు అనేకం క్రైస్తవ మతం స్వీకరించాయి. ఆయా సంఘాల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు ఇంగ్లండు చర్చి రిజిస్టర్ల కోవకు చెందినవే. అడంగలులో పేరు లేని పాలేరు, కూలీ కుటుంబాలకు ఇవే తొలి లిఖిత ఆధారాలు కావచ్చును. బాప్తిస్మంతో పేరు మారిన సందర్భాలలో పాత పేరును పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

జనన మరణ నమోదు, జనాభా లెక్కలు

మద్రాసు రాష్ట్రంలో 1899 చట్టం, తరువాత దేశమంతటా 1969 చట్టం జనన మరణాల నమోదుకు ఆధారమైనవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో జనాభా లెక్కలు జరిగినా వ్యక్తుల పేర్లుగల పత్రాలు పరిశోధకులకు అందవు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం అవి రహస్యము. ఇంగ్లండులో 1921 నాటి జనాభా పత్రాలు 2022లో ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి.

పరిశోధనా క్రమం

జీవించి ఉన్న పెద్దల నుండి పేర్లు, ఊర్లు, వియ్యాలవారి వివరాలు వ్రాసుకొనుట మొదటి పని. పెద్దలను ఎప్పుడు పుట్టారని అడుగుట కన్నా కరవు, తుఫాను, రజాకార్ల కాలం వంటి సంఘటనలకు ముందా వెనుకా అని అడిగితే మేలైన సమాధానం వస్తుంది. తరువాత ఇంట్లోని దస్తావేజులు, వాటిలోని సర్వే నంబర్లు, పిమ్మట సెటిల్‌మెంట్ అడంగలు, ఇనాం రిజిస్టరు, చివరకు కైఫియత్తు, శాసనాలు చూడవలెను. కాగితాలు కొంతకాలం ఆగినా పెద్దల జ్ఞాపకం ఆగదు కనుక ఈ క్రమమే శ్రేయస్కరము.

ఇవి కూడా చూడండి

* తిరువూరు
* కైఫియత్తు
* కరణం
* ఇంటిపేరు