గండికోట

గండికోట కడప జిల్లా జమ్మలమడుగు మండలంలో, పెన్నా నది కుడిగట్టున, ఎర్రమల కొండల మీద ఉన్న కోట గ్రామం. సముద్రతీరం దూరమైన రాయలసీమలో నీటి అంచున వెలసిన విహారస్థలాల్లో ఇది ముఖ్యమైనది. కొండను కోసుకుని నది పారే ఇరుకు దారిని గండి అంటారు. ఇక్కడ ఆ గండి సుమారు 300 అడుగుల లోతున, ఎర్రని బండలు పలకలుగా పేర్చినట్టున్న నిట్టనిలువు గోడల నడుమ సాగుతుంది. ఇసుక రేణువులు సిలికాతో అతుక్కుని గట్టిపడగా ఏర్పడిన క్వార్ట్‌జైట్ రాయి ఇది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలాశ్రేణికి ఊరి పేరే పెట్టారు. ప్రచారపత్రాలు దీన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తాయి గాని, మైలుకు పైగా లోతున్న ఆ లోయకూ దీనికీ పోలిక రంగులోనే తప్ప కొలతలో లేదు, ఉండనవసరమూ లేదు.

ఉత్తరాన లోయే రక్షణ కావడంతో తక్కిన వైపులకు ప్రాకారం కట్టిన ఈ దుర్గాన్ని విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు పాలించారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని గెలుచుకుని, ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, గుడుల నుంచి తెచ్చిన రాగి విగ్రహాలను కరిగించే పని తన దేశస్థుడి చేతిలో ఉన్నదనీ, గండికోట ఆలయ విగ్రహాలు ఆరు మాత్రం ఎంతకూ కరగలేదనీ రాశాడు. విజేత కొలువును చూసివచ్చిన విదేశీయుడే ఈ మాట రాయడం విశేషం.

కోటలోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, దాని పక్కన విశాలమైన ధాన్యాగారం, జైలు, చార్మినార్ అనే చిన్న బురుజు నడిచి చూడదగినంత దగ్గరలో ఉన్నాయి. అయినా సందర్శకులు ఎక్కువసేపు నిలిచేది లోయ అంచునే. బెంగళూరు, హైదరాబాదు నుంచి వచ్చే యువకులు రాత్రి గుడారాల్లో గడిపి, సూర్యోదయం చూసి వెళతారు. ఎండాకాలంలో బండల వేడికి పగలు తిరగడం కష్టం కనుక వానలు వెనుకబట్టిన తరువాతి నెలలే అనుకూలం. ప్రభుత్వ పర్యాటక సంస్థ హరిత హోటల్ కోట సమీపంలోనే ఉంది. 2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి రూ. 77.91 కోట్లు మంజూరు చేసింది.

కోటకు ఎగువన పెన్నా నదిపై గాలేరు–నగరి పథకం కింద కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం సుమారు 27 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగులు). ఈ నీరు కొండాపురం మండలంలోని పల్లెలను ముంచింది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వాసులు పరిహారం, పునరావాసం తేలకుండా ఇళ్లు ఖాళీ చేయబోమని ఆందోళనకు దిగారు. ఇక గండికోటకు దారి: గుంతకల్లు–రేణిగుంట రైలుమార్గంలో వచ్చే యాత్రికులకు దగ్గరి స్టేషను ముద్దనూరు. అక్కడి నుంచి జమ్మలమడుగు మీదుగా బస్సులో, ఆటోలో కోటకు చేరవచ్చు.