చిట్టి ఫియట్టు కథ

ముంబాయి వీధులలో 2023 వరకు టాక్సీగా తిరిగిన పద్మిని కారును మన పాఠకులు పలువురు ఎరుగుదురు. దాని పుట్టినిల్లు ఇటలీలోని ఫియట్ సంస్థ. ఆ యింటనే 1936లో అంతకంటె చాల చిన్న కారు పుట్టినది. జనులు దానిని 'టొపొలీనో', అనగా చిట్టెలుక, అని పిలిచిరి. దాని ఇంజను 569 ఘనసెంటీమీటర్లది. శక్తి 13 అశ్వశక్తులు. దానిని రూపొందించిన డాంటె జకోజా అప్పటికి ముప్పది దాటీ దాటని యువకుడు.

ఈ కారులో గమనింపదగినవి ఉన్న భాగములు కావు, లేని భాగములు. నీటిని త్రిప్పు పంపు లేదు. రేడియేటరును ఇంజను వెనుక, ఎత్తున అమర్చిరి. కాగిన నీరు తేలికయై పైకి పోవును, చల్లారినది క్రిందికి దిగును. ఎసటి గిన్నెలో జరుగు సంవహనమే ఇది. పెట్రోలు టాంకిని కూడ ఎత్తున ఉంచుటచే పెట్రోలు పంపు అవసరమును తప్పినది.

1957లో జకోజా ఇంకొక మెట్టు దిగి నీటినే మానివేసెను. ఆ యేటి కొత్త ఫియట్ 500లో ఇంజను వెనుక నుండును. సిలిండర్లు రెండే, 479 ఘనసెంటీమీటర్లు. చల్లబరచునది పంకా గాలి. పైకప్పు గుడ్డది. మొదట 13 అశ్వశక్తులే యుండుటచే కొనువారు వెనుదీసిరి. ఆ యేడే శక్తిని పెంచిరి. 1975లో ఉత్పత్తి ఆగునాటికి సుమారు 39 లక్షల బండ్లు తయారైనవి.

యంత్రము మానిన పని మనిషిపై పడక తప్పదు గదా! ఇందలి గేరు పళ్లను సమవేగమునకు తెచ్చు సాధనము లేదు. గేరు దించవలెనన్న క్లచ్చి నొక్కి, గేరు విడిపించి, క్లచ్చి వదలి, ఇంజను వేగము కొంచెము పెంచి, మరల క్లచ్చి నొక్కి గేరు వేయవలెను. తొందరపడినచో పళ్లు కరకర అరచును.

సొంతముగా బాగుచేసికొనువారికి మాత్రము ఇది స్వర్గమే. చమురు వడపోతకు కాగితపు ఫిల్టరు లేదు. పుల్లీ గిరగిర తిరుగునప్పుడు అపకేంద్ర బలముచే మలినములు అంచుకు చేరును. మూత విప్పి గోకివేసిన చాలును. అసలు శత్రువు తుప్పు. కారు ఒడలే దాని చట్రము గనుక, నేల రేకు చివికినదన్న వెన్నెముక విరిగినట్లే.

నేడు ఈ కారు యజమానులలో ఒక వివాదము గలదు. 1972లో వచ్చిన ఫియట్ 126 ఇంజను, గేరుపెట్టె దీనికి చక్కగా అమరును. గేర్లు మెత్తగా పడును. కొందరు మార్చుకొనుచున్నారు, కొందరు అపచార మనుచున్నారు. ఇంజను మార్పును నేను తప్పుపట్టను. బండి రోజూ తిరుగవలెను గదా. గేరుపెట్టెను మార్చినవారు మాత్రము పాతదానిని అటకపై నుంచుకొనుట మంచిది.